అమ్మలు ఊరెళ్ళిన సినిమాలు

చొక్కాల ఫ్యాక్టరీలో మా మేనత్తని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘ఇంటర్వెల్’ అంటారు. “ఇంటర్వెల్ అక్కా, ఆ కత్తెర ఇటు పడెయ్.” “ఇవాళ ఇంటర్వెల్ రాలేదేంటి?” సూపర్‌వైజర్ కూడా అంతే. ఎప్పుడైనా ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరబ్బా ఈ కొత్త మనిషి అని.

ఆవిడ పని కాలర్లు. చొక్కా మొత్తం కుట్టదు, కాలర్ ఒక్కటే. రెండు గుడ్డ ముక్కల మధ్య గట్టి బట్ట పెట్టి, మూడు వైపులా కుట్టి, మూలలు కత్తిరించి, లోపలిది బయటికి తిప్పి, మొద్దు పుల్లతో కొసలు పొడిచి నిలబెట్టాలి. గట్టిగా పొడిస్తే కొస చిరుగుతుంది, మెల్లగా పొడిస్తే బోడిగుండులా ఉంటుంది. చేతులు ఈ పని చేస్తుంటే నోరు సినిమా చెప్తుంటుంది. అన్ని మిషన్ల మోత మీదుగా చివరి వరస దాకా వినబడే గొంతు. ఫైటింగ్ వస్తే కాలర్లు గబగబా పడతాయి. ప్రేమ సీన్లయితే పని నత్తనడక. మా అత్త ఏ రోజు ఏ సినిమా చెప్పిందో సాయంత్రం కాలర్ల కుప్ప చూసి సూపర్‌వైజర్ కనిపెట్టేస్తాడట.

ఇంతకీ ఆ పేరెందుకొచ్చిందంటే, ఆవిడ చెప్పే ప్రతి సినిమా ఇంటర్వెల్ నుంచే మొదలవుతుంది. “మరి మొదటి సగం అక్కా?” అంటే, “అది మా అన్న డిపార్ట్‌మెంట్” అంటుంది.

ఆ అన్నే మా నాన్న.

మా తాత థియేటర్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. నానమ్మ పోయేసరికి అత్త చెప్పులు కుడీ ఎడమా మార్చేసి వేసుకునే వయసులో ఉంది. నాన్న ఆవిడకన్నా ఐదారేళ్ళు పెద్ద. ఇంట్లో చూసే దిక్కు లేదు కాబట్టి, బడి లేని ప్రతి రోజూ తాత ఇద్దర్నీ వెంటేసుకుని డ్యూటీకి వెళ్ళేవాడు. మొదట్లో ఇద్దర్నీ లోపలే కూర్చోబెట్టాడట. ఒకరోజు సినిమా మధ్యలో అత్త గుక్కపట్టి ఏడ్చింది. ఆపితే ఆగదే. హాలంతా గోల. ఎవడో లేచి, “ఆ పిల్లని బయట పడెయ్యండ్రా, లేకపోతే నేను ఏడుస్తా” అని అరిచాడట. మేనేజర్ వచ్చి తాతని నిలబెట్టి కడిగేశాడు. తాత కాళ్ళావేళ్ళా పడితే కాస్త మెత్తబడ్డాడు. పిల్లాడు తలుపు తెర పక్కన నిలబడి చూసుకోవచ్చు. పిల్ల మాత్రం ఇంటర్వెల్ అయ్యాకే లోపలికి రావాలి, అది కూడా ముందు బెంచీలు ఖాళీ ఉంటేనే.

“అంతలా ఎందుకేడ్చావత్తా?” అని నేనోసారి అడిగాను.

“చీకటంటే భయమటరా. మీ నాన్న చెప్పాడు. నాకెక్కడ గుర్తు!”

అలా మొదలైంది ఈ ఏర్పాటు. మొదటి సగం నాన్న చూసేవాడు. అత్త బయట సైకిల్ స్టాండులో కూర్చుని సైకిల్ బెల్లులు కొడుతూ ఉండేది. ఇంటర్వెల్ గంట మోగగానే నాన్న పరిగెత్తుకొచ్చి ఆ కాస్త టైములో మొదటి సగం మొత్తం చెప్పేసేవాడు. ఎవడు మంచోడు, ఎవడు దొంగ, ఎవరికి ఎవరంటే పడదు, ఏ పాటలో ఎలా ఎగిరారు. టైము చాలకపోతే రెండు పాత్రలు కలిపి ఒక్కటి చేసేవాడు. మళ్ళీ గంట మోగేది, ఇద్దరూ చెయ్యి పట్టుకుని లోపలికి పరుగు.

మా నాన్న మీద అత్తకి ఒక్కటే కంప్లయింటు. “మీ నాన్నకి చిన్నప్పట్నుంచీ ఆగదురా. మంచి సీన్ వస్తుందనగా సరిగ్గా అప్పుడే ఒంటికి వస్తుంది. పోనీ తను పోయిరావచ్చుగా! నన్ను ఒక్కదాన్నే వదలకూడదని నన్నూ లాక్కుపోయేవాడు. నేను బాత్రూమ్ బయట గోడకి ఆనుకుని, లోపల వస్తున్న మ్యూజిక్ వింటూ నిలబడేదాన్ని. ఎన్ని సినిమాలు చెడగొట్టాడో!”

ఈ జోకు మా ఇంట్లో ఎంత పాతబడిందంటే, నాన్న సినిమాకి బయల్దేరుతుంటే అమ్మ కూడా, “ముందే వెళ్ళి రండి” అనేది.

ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. తాత పోయాడు. నాన్న బస్సు కండక్టరయ్యాడు, అత్త కాలర్లలో పడింది. పెళ్ళి సంబంధం ఒకటి సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ జాతకమే అంతని నేనంటే వీపు విమానం మోత మోగించింది. కానీ సినిమా ఏర్పాటు మాత్రం మారలేదు. ఇద్దరికీ సెలవున్న రోజు మ్యాట్నీకి రెండు టికెట్లు కొంటారు. నాన్న లోపలికి వెళ్తాడు. అత్త ఎదురుగా టీ బడ్డీ బెంచీ మీద కూర్చుంటుంది. ఇంటర్వెల్లో నాన్న వచ్చి టీ తాగుతూ మొదటి సగం చెప్తాడు, అప్పుడు ఇద్దరూ లోపలికి వెళ్తారు. టీవీలో సినిమా మొదలైతే అత్త లేచి అవతలి గదిలోకి పోతుంది.

“ఏంటమ్మా ఈ పిచ్చి? టికెట్ పూర్తిగా కొని సగం చూస్తారా?” అని ఎవరైనా అడిగితే అత్త అంటుంది, “మీరు సినిమా చూసొస్తారు. నాకు మనిషి వచ్చి చెప్తాడు. మీకెవరైనా చెప్తారా?”



ఫ్యాక్టరీలో మాత్రం అప్పుడప్పుడూ గొడవలయ్యేవి. ఆవిడ కథల్లో అమ్మలు తెగ తిరిగేవాళ్ళు. హీరో చిన్నప్పుడు తల్లి ఊరెళ్ళింది. హీరోయిన్ తల్లి ఊరెళ్ళింది. విలన్ తల్లి కూడా ఊరెళ్ళింది. “సినిమాల్లో ఈ అమ్మలకి కాలు ఒకచోట నిలవదు కదే!” అని ఆవిడే నవ్వేది. ఒకసారి బొత్తాల సెక్షన్ అమ్మాయి ఉండబట్టలేక, “ఊరెళ్ళడం ఏంటక్కా, ఆవిడ చచ్చిపోతుంది కదా! నేను కళ్ళారా చూశాను” అంది.

“నువ్వు నిద్రపోయుంటావ్” అంది అత్త. కాలర్ తిప్పి పుల్లతో కొస పొడిచింది. “మా అన్న చూశాడు.”

ఆ అన్న నోరు మొన్న వానాకాలంలో పడిపోయింది.

డ్యూటీలో ఉండగా, నడుస్తున్న బస్సులో. “ముందుకి జరగండి, ముందుకి” అనబోయాడట. ఏదో గరగర వచ్చింది. తాగొచ్చాడని ఎవరో నవ్వారట. టికెట్ మిషన్ చేతిలోంచి జారింది, ఆ వెనకే మనిషి జారాడు. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం మిగిలింది, మాట మొత్తం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది. తిరిగి చెప్పడానికి ఏమీ ఉండదు. రోజంతా ఊరంతటినీ అరిచి సర్దిన మనిషి గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలెట్టాడు.

డాక్టర్ దాచలేదు. “వచ్చే మాట ఈ మొదటి నెలల్లోనే రావాలి. ఆ తర్వాత కష్టం” అన్నాడు.

మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఇంటికొచ్చి బొమ్మల కార్డులు చూపించేది. ఆవు, తాళం, కప్పు. నాన్న కప్పుని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. “ఆయన ఇష్టంగా, అలవాటుగా అనే మాటలతో కదిలించండి” అంది ఆ అమ్మాయి. నేను కండక్టర్ విజిల్ తెచ్చి నాన్న నోట్లో పెట్టి, “రైట్ రైట్ అను నాన్నా, లేకపోతే బస్సు కదలదు” అన్నాను. గాలంతా వంకర పెదవి పక్కనుంచి పోయింది. అమ్మ వచ్చి విజిల్ లాక్కుని నా నెత్తిన ఒకటిచ్చింది.

అత్త పద్ధతి వేరు. ఫ్యాక్టరీ వదలగానే సంచీతో సహా వచ్చేసి మంచం పక్కన కూర్చునేది. “గుర్రం సినిమా” అనేది. మా ఇంట్లో సినిమాలకి అసలు పేర్లు ఉండవు, గుర్రం సినిమా, రైలు సినిమా, ఎర్ర గొడుగు సినిమా, అంతే. ఇంటర్వెల్ నుంచి శుభం దాకా మొత్తం చెప్పేది. చెప్పి ఆగేది.

“నాది అయిపోయింది. ఇక నీ వంతు. మొదటి సగం చెప్పు.”

నాన్న పెదాలు కదిలేవి. మెడ నరం ఉబ్బేది. ఏమీ వచ్చేది కాదు. ఆవిడ ఎదురుచూసేది. చివరికి సంచీ తీసుకుని, “సరే, రేపు చెబుదువుగాని” అని లేచేది.

వారాలు గడిచాయి. ఆవిడ ఫ్యాక్టరీలో సినిమాలు చెప్పడం మానేసిందని తెలిసింది. కాలర్లు కొసలు చిరిగి వెనక్కి వస్తున్నాయట. సూపర్‌వైజర్ ఏమీ అనలేక, “కాస్త చూసుకో ఇంటర్వెల్” అన్నాడట. ఆ పేరు విని మొదటిసారి కోపమొచ్చిందట ఆవిడకి.

నాకున్న తెలివి ఒక్కటే. నాన్నకి కోపమొస్తే మాట తన్నుకొస్తుంది. ఆయనకి కోపం తెప్పించడంలో పుట్టినప్పట్నుంచీ నన్ను మించినవాడు లేడు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఎప్పటికీ తేలని తగువు ఒకటుంది, ఎర్ర గొడుగు. ఆ సినిమా రెండో సగంలో హీరో ఎక్కడికెళ్ళినా చిరిగిన ఎర్ర గొడుగు ఒకటి వెంట తీసుకెళ్తాడు. అది వాళ్ళమ్మ ఊరెళ్తూ మర్చిపోయిందని నాన్న చెప్పాడు. “వానలో ఊరెళ్తూ గొడుగు మర్చిపోయే మనిషెవరైనా ఉంటారా?” అని అత్త. “ఉంటుంది, మర్చిపోయింది, నీకెందుకు?” అని నాన్న. దీని మీద రోజుల తరబడి మాట్లాడుకోకుండా ఉన్న సందర్భాలున్నాయి.

ఆ పాత సినిమా నా ఫోన్లో దొరికింది. ఓ సెలవు రోజు మధ్యాహ్నం టీవీకి తగిలించాను. “ఇవాళ గొడుగు సంగతి తేలిపోవాలి” అని ప్రకటించాను.

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఎడం చేత్తో మంచం మీద కొట్టాడు. గొంతులోంచి ఏదో చప్పుడు. నా మందు పనిచేస్తోందని నేను లోలోపల ఎగిరి గంతేశాను.

అత్త లేచింది. “నేను అవతల కూర్చుంటాను. మొదటి సగం నేను చూడనని తెలుసుగా.”

“చెప్పేవాడు చెప్పట్లేదుగా అత్తా మరి” అన్నాను.

నోరు జారిందని అన్నాకే తెలిసింది. ఆవిడ నా వంక చూసింది. నాన్న వంక చూసింది. మెల్లగా మళ్ళీ కూర్చుంది.

సినిమా మొదలైంది. వాన పడుతుంటుంది. రేకుల ఇల్లు. తల్లికి జ్వరం, పిల్లాడు నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంటాడు. ఎర్ర గొడుగు వేసుకుని డాక్టర్ కోసం పరిగెడతాడు. డాక్టర్ రాడు. పిల్లాడు తిరిగొచ్చేసరికి తల్లి చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతుంటుంది. ఇల్లు కారుతుంటుంది, చుక్కలు ఆవిడ మొహం మీద పడుతుంటాయి. పిల్లాడు గొడుగు విప్పి ఆవిడ మొహానికి అడ్డం పట్టుకుంటాడు. తెల్లారేదాకా అలాగే పట్టుకుని నిలబడతాడు.

అత్త కదల్లేదు. చేతిలో సంచీ అలాగే ఉంది. నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. ఆపేద్దామని నేను ఫోన్ తీస్తే, “ఉంచరా కోతీ” అంది.

రెండో సగం ఆవిడకి కంఠతా వచ్చు. పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. చివర్లో హీరో కోర్టులో నిలబడి చిన్నతనం గుర్తుచేసుకుంటాడు. మళ్ళీ ఆ రేకుల ఇల్లు, ఆ వాన, ఆ చెయ్యి. అక్కడ ఆవిడ పెదాలు ఆగిపోయాయి. ఆ సీన్ ఆవిడ దగ్గర లేదు.

“ఇక్కడ బయట గోడ దగ్గరున్నాను” అంది, ఎవరితోనో కాదన్నట్టు. “ఈ మ్యూజిక్ విన్నాను.”

టీవీ కట్టేశాను.

“అన్నయ్యా, అయితే నీకు ఒంటికి వచ్చేది కాదన్నమాట.”

నాన్న వీపు కదిలింది, అంతే.

“ఇటు తిరుగు. గుర్రం సినిమాలో ఆవిడ?”

నాన్న తిరగలేదు.

“రైలు సినిమా? ఆ కవల పిల్లల సినిమాలో తల్లి? వాళ్ళత్తగారి ఊరెళ్ళిందని చెప్పావే! సామాను కూడా చెప్పావు, రెండు పెట్టెలు, ఒక నీళ్ళ చెంబు!” ఆవిడ గొంతు ఫ్యాక్టరీ గొంతయిపోయింది. “ఇంతమంది అమ్మల్ని ఏ బస్సెక్కించావు అన్నయ్యా? ఫ్యాక్టరీలో అందరిముందూ వాదించాను. బొత్తాల పిల్లని నిద్రమొహం అన్నాను. చీకటికి ఏడ్చానని చెప్పావు. చీకటికేనా నేను ఏడ్చింది?”

వంటగదిలోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. “ఏమైందమ్మా, ఆయన్ని ఎందుకలా?”

“నువ్వుండు వదినా. మా అమ్మ గురించీ ఇదే మాట చెప్పాడు. రోజూ సాయంత్రం బస్టాండుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. దిగే ప్రతి ఆడమనిషి మొహం చూసేదాన్ని. ఇక రాదని నాకు ఎవరూ చెప్పలేదు, దానంతటదే తెలిసింది. అది సరే, అప్పుడు చిన్నపిల్లని. నాకు జుట్టు నెరిసింది కదా ఇప్పుడు!” ఆవిడ నాన్న భుజం పట్టుకుని తనవైపు తిప్పింది. “నోరు తెరువు. ఇప్పుడైనా చెప్పు. ఆ గొడుగు పిల్లాడి తల్లి ఏమైంది?”

నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. కళ్ళలోంచి కారుతోంది, వంకర పెదవి పక్కనుంచి కారుతోంది. మెడ నరం ఉబ్బింది. మళ్ళీ మామూలే అనుకున్నాను.

“ఊ…” అన్నాడు. “ఊరెళ్ళింది.”

స్పష్టంగా. ముద్దగా కూడా లేదు. అదే పాత గొంతు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త చెయ్యి ఆయన భుజం మీదే ఉండిపోయింది. ఎంత తిట్టు తిట్టడానికి తయారైందో, ఆ తిట్టంతా ఎటుపోయిందో తెలీదు.

“ఎప్పుడొస్తుంది?” అంది చాలా చిన్న గొంతుతో.

“ఊరెళ్ళింది” అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం మా ఇంట్లో పండగే. మాటల అమ్మాయికి ఫోన్ చేశాను. మర్నాడే కార్డులతో వచ్చింది. ఆవు చూపించింది. “ఊరెళ్ళింది” అన్నాడు నాన్న. తాళం. “ఊరెళ్ళింది.” కప్పు. నాన్నకి తెలుసు అది తప్పని. తల కొట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే వచ్చింది.

ఇప్పటికీ అంతే. దాహమేసినా ఊరెళ్ళింది, దుప్పటి కావాలన్నా ఊరెళ్ళింది. కరెంటు పోయినప్పుడు మాత్రం సరిగ్గా అతుకుతుంది, ఇంట్లో అందరం నవ్వుతాం, ఆయనా నవ్వుతాడు. గొంతు ఎత్తి అంటే కోపం, సాగదీసి అంటే ఆకలి. మేం అలా పోల్చుకోవడం నేర్చుకున్నాం. డాక్టర్ చెప్పిన నెలలు అయిపోయాయి. “ఒక్కోసారి ఒక్క మాటే మిగులుతుంది. ఇక అదే ఉండిపోవచ్చు” అన్నాడు. అమ్మ ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. బస్సుల వాళ్ళు నాన్న బ్యాగు, విజిల్ వెనక్కి తీసుకుని సంతకం బదులు ఎడం చేతి వేలిముద్ర వేయించుకున్నారు.

అత్త అన్నిటికీ సమాధానం చెప్తుంది ఆయనకి. ఆవిడకి మాత్రమే ఆ మాట ఎప్పుడూ ఒకేలా వినబడదు. ఒక్కోరోజు కోపం గుర్తొచ్చి, “రెండు పెట్టెలు, ఒక నీళ్ళ చెంబు” అని పళ్ళు కొరుకుతుంది. నాన్న తల దించుకుంటాడు.

పోయినవారం ఆవిడ సెలవు పెట్టి మ్యాట్నీకి మూడు టికెట్లు తెచ్చింది. నాన్నని మోసేది నేను కాబట్టి మూడోది నాకు. థియేటర్ ముందు టీ బడ్డీ దగ్గర ఆవిడ కాళ్ళు వాటంతటవే ఆగాయి. బడ్డీవాడు బెంచీ తుడిచాడు కూడా. ఆవిడ కాసేపు ఆ బెంచీని చూసి, “ఇవాళ్టి నుంచి మొత్తం చూస్తానయ్యా. చెప్పేవాళ్ళు లేరు” అని లోపలికి నడిచింది.

దీపాలు ఆరాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. చీకటికి కాదని ఇప్పుడు నాకు తెలుసు. చివరి వరసలో అటు చివర ఆవిడ, మధ్యలో నాన్న, ఇటు చివర నేను. నాన్న మీదుగా చెయ్యి చాపి మరీ పట్టుకుంది. సినిమా బాగానే నడుస్తోంది, ఒక పాట, ఒక కొట్లాట. తర్వాత హీరో తల్లి వంటింట్లో దగ్గుతూ గోడ పట్టుకుంది. సినిమాల్లో అమ్మ దగ్గిందంటే ఏమవుతుందో మూడేళ్ళ పిల్లాడిక్కూడా తెలుసు.

నాన్న ఎడం చెయ్యి లేచింది. అత్త చీర చెంగు పట్టుకుని లాగాడు.

“ఊరెళ్ళింది” అన్నాడు. లేవబోయాడు. లేవలేక మళ్ళీ లాగాడు. “ఊరెళ్ళింది. ఊరెళ్ళింది.”

ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగారు. అత్త తెర వంక చూసింది. ఆ తల్లి మంచం దాకా వచ్చింది. అత్త నాన్న వంక చూసింది. చూడాలనే వచ్చింది పాపం, మొత్తం చూడాలని.

“పద, పద” అంది. “నీకెటూ ఆగదుగా.”

నన్ను కూర్చోమని సైగ చేసి, ఆయన చంక కింద భుజం పెట్టి లేపింది. ఈడ్చుకుంటూ, ఆగుతూ ఇద్దరూ తలుపు తెర దాటారు. తెర కదిలినప్పుడు బయటి వెలుగులో ఒక్క క్షణం కనబడ్డారు. బాత్రూమ్ వైపు వెళ్ళలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డారు, పక్కపక్కనే. తెర మీద ఏం జరగాలో అది జరిగింది. నేనొక్కడినే చూశాను. మ్యూజిక్ మాత్రం బయటిదాకా వినబడే ఉంటుంది.

ఆ సీన్ అయిపోయాక లోపలికి వచ్చారు. నాన్న ఆయాసపడుతున్నాడు. అత్త చీకట్లో నా వైపు వంగింది.

“ఒరేయ్, ఆవిడ ఏమైందిరా?”

నాన్న నా మొహం వంకే చూస్తున్నాడు.

“ఊరెళ్ళిందత్తా” అన్నాను.

“సామానేం తీసుకెళ్ళింది?”

“ఒక సంచీ. గొడుగు కూడా.”

“సరే. కాళ్ళు తియ్యి, మీ నాన్న కూర్చుంటాడు.”